కంచె అవతలి అమ్మలు

“మా అమ్మ వచ్చేసింది!”

ప్రార్థన ముగిసిందో లేదో, అందరూ ఎలకపిల్ల అని పిలిచే ఏడేళ్ళ పిల్ల బెంచీల మధ్య నుంచి దూసుకుపోయింది. ఇంచుమించు అదే ఈడున్న మిగతా పిల్లలు కూడా చెప్పులైనా వేసుకోకుండా దాని వెంటే వెనక తలుపులోంచి పరుగు తీశారు.

చివరి బెంచీలో ఆవలిస్తున్న సూపర్వైజర్ నోరు అలాగే ఉండిపోయింది.

మిషన్ హెడ్డాఫీసు అతన్ని పంపింది ఒక్క పనికే. సరిహద్దు మీదున్న ఈ అనాథాశ్రమాన్ని ఉంచాలా, ఎత్తేయాలా తేల్చడానికి. ఎత్తేస్తే పిల్లల్ని తలో ఊరి ఆశ్రమానికీ పంచేస్తారు. అతను ఎలా చెబితే అలా. పొద్దున జీపు దిగింది మొదలు అతనికి ఇక్కడ ఏదీ నచ్చలేదు. టీ నచ్చలేదు, పిల్లల పాట నచ్చలేదు, ముసలి పాస్టరు చొక్కా మోచేతి దగ్గరున్న అతుకు మరీ నచ్చలేదు. ‘దాతలు చూడాలని వేయించుకున్న అతుకు’ అనుకున్నాడు.

“అనాథలకి అమ్మ ఏమిటి పాస్టరుగారూ?”

పాస్టరు కంగారుగా బైబిలు మూశాడు. “ఆఫీసు గదిలోకి రండి సార్. అంతా చెబుతాను.”

“గదిలో తలుపేసుకుని చెప్పే మాటలు చాలా విన్నాను. అన్నీ చివరికి నోట్ల కవరు దగ్గరే తేలతాయి. పదండి, మీ వింత బయటే చూద్దాం.”

మందిరం వెనక కాలిబాట, బాట చివర ముళ్ళకంచె. కంచె అవతల మరో దేశం. మాటా ఒకటే, మట్టీ ఒకటే, మధ్యలో మాత్రం ఇనప తీగలు. అక్కడ ఓ గుంపు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆదివారం కదా అని కాపలా సిపాయి వీపు తిప్పి సిగరెట్ వెలిగించుకున్నాడు. పిల్లలు తీగల్లోంచి చేతులు దూర్చారు. ఒకావిడ ఓ పిల్లాడి గోళ్ళు చూసి తిడుతోంది. ఇంకొకావిడ ఒకడి చెవి మెలేస్తోంది. “మళ్ళీ లెక్కల్లో సున్నాయేనట, సిగ్గులేదూ?” ఎలకపిల్ల కంచెకి వీపు ఆనించి నిలబడితే, నీలం శాలువా కప్పుకున్నావిడ తీగల మధ్య నుంచే జడ వేస్తోంది.

సూపర్వైజర్ పగలబడి నవ్వాడు.

“ఆరేళ్ళ కిందటి యుద్ధంలో వీళ్ళందరి అమ్మానాన్నలూ బాంబులకి పోయారని రాశారే! చచ్చి లేచింది ఒక్క ప్రభువే అనుకున్నాను. మీ దగ్గర వారం వారం ఊరంతా లేస్తోందన్నమాట!”

పాస్టరు ముఖం పాలిపోయింది. “సార్, పిల్లలు వింటున్నారు. దండం పెడతాను, ఇటు రండి.”

పట్టుకోబోయిన చేతిని సూపర్వైజర్ విదిలించుకున్నాడు. “విననీ. పాపా, ఎవరే ఈవిడ?”

ఇంత పెద్దమనిషికి ఇదీ తెలీదా అన్నట్టు చూసింది ఎలకపిల్ల. “మా అమ్మ.”

“అమ్మ దగ్గర ఉండక ఇక్కడేం చేస్తున్నావ్?”

“అక్కడ బడి లేదుగా. బాంబు పడి కూలిపోయింది. మళ్ళీ కట్టాక తీసుకెళ్తుందట. తాతయ్య చెప్పాడు.” తాతయ్య అంటే పాస్టరు.

“తాతయ్య చాలా చెబుతాడమ్మా. మా ఆఫీసుకి ఒకటి, మీకు ఒకటి!”

పాస్టరు నోరు తెరిచాడు. పిల్ల వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. సూపర్వైజర్‌కి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అవతలి గుంపును ఎగాదిగా చూశాడు. ఒక్కరి చంకలోనూ బిడ్డ లేదు, ఒక్కరి వెనకా పిల్లాడు లేడు. కన్నబిడ్డల్ని కన్నట్టే ఇటు తోసేసి చేతులు దులుపుకున్నారు! తిండి పెట్టేది మిషన్, మందులిచ్చేది మిషన్, చుట్టుపక్కల ఊళ్ళకి దుప్పట్లు పంచేదీ మిషనే. ఆదివారం పూట ముద్దులాడి పోవడం మాత్రం వీళ్ళ వంతు!

“సిగ్గూ శరమూ లేని మనుషులు,” అన్నాడు పైకే. “ఆశ్రమం ఇవాళ్టితో సరి.”

“పిల్లల్ని తలోచోటికీ పంపకండి సార్! ఈ ఒక్క పూట కోసం వారమంతా ఎదురుచూస్తారు.”

“తలోచోటికి ఎందుకు? నిక్షేపంలాంటి అమ్మలున్నారుగా. వాళ్ళకే అప్పజెప్పేస్తాను. సరిహద్దు గేటు అధికారితో నేనే మాట్లాడతాను.”

పాస్టరు చటుక్కున తలెత్తాడు. “వీళ్ళకా? నిజంగానా?”

“ఏం, దుకాణం కట్టేస్తున్నానని బెంగా?”

సూపర్వైజర్ కంచె దగ్గరికి నడిచి నీలం శాలువా ఆవిడ ముందు నిలబడ్డాడు.

“ఏమ్మా, వేసిన వేషాలు చాలు. రేపు గేటు దగ్గరికొచ్చి దీన్ని తీసుకుపో. మీరందరూ అంతే. ఎవరి పిల్లల్ని వాళ్ళు మోసుకుపోండి.”

ఏడుస్తారని, కాళ్ళావేళ్ళా పడతారని, దానికి తగ్గ జవాబులన్నీ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ఎవరూ ఏడవలేదు. ఒకావిడ తీగ పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది.

“నిజంగా ఇచ్చేస్తారా సార్?” నీలం శాలువా ఆవిడ కంచెకి ఇంకా దగ్గరగా జరిగింది. “మళ్ళీ వెనక్కి తీసుకోరుగా?”

“ఏం నాటకాలమ్మా! సొంత బిడ్డని పెంచుకోడానికి కూడా నా పూచీ కావాలా?”

ఆవిడ గబుక్కున రెండు చేతులూ తీగల్లోంచి చాపి ఎలకపిల్ల చెవులు గట్టిగా మూసింది. ఇటు వంగి, గొంతు బాగా తగ్గించి అంది.

“మా పిల్లలు ఆ కూలిన బడిలోనే పోయారు. మేమెవరమూ వీళ్ళ అమ్మలం కామని వీళ్ళకి మాత్రం చెప్పకండి సార్.”