పేరు మీద చేసినది

మనిషి పడుకునే చోటి దుమ్ము పరాయివాడి చేతికి చిక్కితే ఆ మనిషి ఊపిరి కూడా వాడి చేతికి చిక్కుతుందని, అంతకు మించిన బాణామతి లేదని, ఆ రోజుల్లో కాశిబుగ్గలో గట్టి నమ్మకం.

మొగిలమ్మకు ఆ నమ్మకం మరీ ఎక్కువ. ఒక్కగానొక్క కొడుకు సారంగపాణికి దమ్ము, అంటే ఉబ్బసం. మగ్గం మీద కూర్చుంటే జానెడు బట్ట నేసేలోగా ఆయాసం.

1978 చలికాలంలో అతడు పెద్ద దవాఖానకు వెళ్లి వచ్చాడు. ముంజేతి నిండా సూదిపోట్లు.

"నా ఒక్కనికే పనికొచ్చే సూదిమందు తయారుజేస్తరట అవ్వా. టీకా లెక్క. డాక్టర్ సారు ఇంటికే వస్తడట."

ఆనాటి నుంచి మొగిలమ్మ చెవులు జీపు చప్పుడు కోసం ఎదురుచూశాయి.

వచ్చింది సైకిలు. దిగినవాడు బక్కపలచని మనిషి. నలిగిన చొక్కా, చేతిలో ఖాళీ గాజుసీసా. సారంగపాణి నూలు కోసం బజారుకు వెళ్లాడు.

"సారంగపాణి పడుకునే బొంత ఏదమ్మా?"

"బొంతతోని నీకేం పని?"

"అందులోని దుమ్ము కావాలి. దానికోసమే వచ్చాను."

మొగిలమ్మ చూపు దండెం మీది బొంత మీదికి పోయింది.

"దుమ్ముతోని ఏం జేస్తవ్?"

"అతని పేరు మీదే చేస్తాం. ఇంకెవరి మీదా పనిచేయదు," అన్నాడతడు, ధైర్యం చెబుతున్నట్టు.

ఆ బొంతను తీసి తానే దులిపాడు. దుమ్ము అతన్ని కమ్మేసింది.

"గట్టయ్యా, ఉరుకు. నా కొడుక్కు బాణామతి చేయొచ్చిండు."

పక్కింటి గట్టయ్య కర్రతో వచ్చాడు. వెనుకే వాడంతా వచ్చింది.

"ఎవడు పంపిండురా నిన్ను?"

అతడు చెప్పబోయాడు. ఆయాసం మాటను మింగేసింది. పెదవులు మాత్రం కదిలాయి.

"సూడుర్రి, మంత్రం సదువుతాండు. పండ్లు రాలగొట్టుర్రి. నోరు తిరగకుంటే మంత్రం పారదు," గుంపులోంచి ఎవరో అరిచారు.

గట్టయ్య రాయి అందుకున్నాడు.

సీసాను మురికి మోరీలో పగలగొట్టారు. అతడు నెత్తురు నోటిని అరచేత్తో తుడుచుకున్నాడే గాని, చొక్కా మీది దుమ్మును దులుపుకోలేదు. సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం కొడుక్కు అన్నం పెడుతూ మొగిలమ్మ అంది: "నీ పేరు మీద చేయొచ్చినోన్ని తరిమినం బిడ్డా. గండం గడిచింది."

సారంగపాణికీ ఆ నమ్మకం ఉంది. తల్లీకొడుకులు డాక్టరు కోసం ఎదురుచూశారు.

మరుసటి చలికాలంలో మొగిలమ్మ, పెదవులు నల్లబడిన కొడుకును రిక్షాలో దవాఖానకు చేర్చింది.

"ఇన్నొద్దులు సూదిమందుకు ఎందుకు రాలే?" నర్సు అడిగింది.

"డాక్టర్ సారే వస్తడన్నరు తల్లీ. రాకపాయె."

"రాకపోవుడేంది? మీ వాడోళ్లే గద పండ్లు రాలగొట్టింది. ఆయనకూ దమ్మే. సూదులు గుచ్చి సూస్తే మీ కొడుక్కు ఇంట్ల దుమ్మే పడదని తేలింది. చొక్కాకంటిన ఆ దుమ్ము దులిపి, దాంతోనే మందు చేసి పెట్టిండు. మిమ్ముల పిలువ పొమ్మంటే, కాశిబుగ్గ అనంగనే ఎవ్వలూ కదలకపాయె."

మొగిలమ్మ నర్సు చేతులు పట్టుకుంది. "ఇప్పుడన్న ఎయ్యి బిడ్డా."

"అది కొద్దికొద్దిగ ఏడాది పొడుగూత ఎయ్యాల్సింది. ఇప్పుడేం పనిజెయ్యది."

సారంగపాణి ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. అతని పేరు మీద చేసిన సీసా, మూత విప్పకుండా, దవాఖాన అలమారాలో ఉంది.