ఆగని హారన్

కూడలి దగ్గర పెద్ద కారు ఎడమవైపు తిరిగింది. తిరుగుతూనే హారన్ మోగడం మొదలైంది.

అల్లుడు హారన్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఏమైంది బాబూ?" వెనక సీట్లోంచి అత్తగారు అడిగింది.

"ఏం లేదత్తయ్యా. వైరింగ్‌లో చిన్న తేడా. అదే ఆగిపోతుంది."

ఆగలేదు.

ఆ కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్న వారానికే అల్లుడు దాని ముందు నాలుగు అదనపు లైట్లు, లారీకి పెట్టేంత హారన్ పెట్టించాడు. బిగించినవాడు అన్నీ తెచ్చి ఒకే వైరుకు కలిపి, టేపు చుట్టి చేతులు దులుపుకున్నాడు. అప్పటినుంచీ బ్రేకు వేస్తే వైపర్లు ఆడేవి. ఒక్కోసారి తలుపులు వాటంతటవే లాకయ్యేవి.

"ఒక్కరోజు బండి నా దగ్గర వదలండి సార్, వైరింగ్ మొత్తం విప్పి చూడాలి" అని మెకానిక్ మొత్తుకున్నాడు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ అల్లుడు రోజులు దొర్లించాడు. కారు లేకపోతే అతనికి కాళ్ళు లేనట్టే ఉండేది.

ఈ రోజు ఆసుపత్రి నుంచి అత్తగారిని ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఆవిడకు గుండె ఆపరేషన్ అయింది. చేతులు పైకెత్తకూడదు, ఆందోళన అసలే పనికిరాదని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. "మా అమ్మ జాగ్రత్త" అని భార్య ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

వెనక బళ్ళు ఆగాయి. జనం మూగారు.

"ఎవరి కోసమయ్యా ఆ మోత?"

"పెద్ద కారుంటే రోడ్డంతా వాళ్ళదే."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. కారు పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. దాంతోపాటు ఏసీ కూడా ఆగిందన్న ధ్యాస అతనికి లేదు. తాళంచెవి కారులోనే వదిలి, దిగి బానెట్ ఎత్తాడు.

అతను దిగగానే తలుపులన్నీ టక్కుమని లాకయ్యాయి. ఆ మోతలో అతనికది వినిపించలేదు.

బానెట్ కింద వైర్లన్నీ చిక్కుపడ్డ జుట్టులా ఉన్నాయి.

"ఎర్రది లాగండి."

"ఎర్రది కాదండీ, నల్లది."

తలో చెయ్యి వేసినవాళ్ళు లేరు, తలో నోరు వేసినవాళ్ళే అందరూ.

ఎదురుగా ఉన్న కుర్చీల కొట్టులోంచి ఒక మనిషి సుత్తి పట్టుకుని గబగబా వచ్చాడు.

"నువ్వు మెకానిక్కా?" అల్లుడు బానెట్‌లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

ఆ మనిషి ఆగలేదు. కారు పక్కకు వెళ్ళిపోయాడు.

అల్లుడు చేతికందిన వైరునల్లా లాగాడు. ఏదో ఒకటి ఊడొచ్చింది. హారన్ ఆగింది.

సరిగ్గా అప్పుడే అద్దం భళ్ళున పగిలింది.

అల్లుడు పరిగెత్తుకుంటూ పక్కకు వచ్చేసరికి, ఆ మనిషి ముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి తలుపు తీసి, సీటు మీదుగా వంగి వెనక లాకు లాగుతున్నాడు. తర్వాత అత్తగారిని రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి కొట్టు నీడలో కూర్చోబెట్టాడు.

అల్లుడికి అత్తగారు కనిపించలేదు. పగిలిన అద్దమే కనిపించింది.

వెళ్ళి అతని కాలర్ పట్టుకున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా? ఒకడి కారు చూస్తే నీకెందుకు కడుపుమంట? బతుకంతా మేకులు కొట్టుకునే వెధవ్వి, నీకు దీని విలువేం తెలుసు? నిన్ను కన్నవాళ్ళు బుద్ధి నేర్పలేదా?"

అతను కళ్ళార్పకుండా అల్లుడి మొహంలోకే చూశాడు. తిట్లు అయ్యేదాకా నిలబడి, మెల్లగా కాలర్ విడిపించుకున్నాడు. కొట్టు ముందున్న తన సంచిలో సుత్తి వేసుకుని సైకిలెక్కాడు.

"చూశారా ఆ పొగరు?" అన్నాడు అల్లుడు.

అత్తగారు నీళ్ళు తాగి ఊపిరి కూడదీసుకుంది.

"అతన్నేమీ అనకు బాబూ. తలుపులు రాలేదు. గాలాడక ప్రాణం పోతుందనుకున్నాను. నిన్ను ఎన్నిసార్లు పిలిచానో. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. అతనొక్కడే వచ్చాడు."

అల్లుడు అప్పుడు చూశాడు ఆవిడ మొహం. నెత్తురు చుక్క లేదు. ఈవిడకేమైనా అయ్యుంటే ఇంటికెళ్ళి భార్యకు ఏం చెప్పేవాడు? సిగ్గుతో చచ్చిపోయాడు.

రోడ్డు మీదికి పరిగెత్తాడు.

"ఏవండీ, ఆగండి. తప్పు నాదేనండీ. ఒక్కసారి ఆగండి."

సైకిల్ ఆగలేదు. మలుపు తిరిగి బళ్ళలో కలిసిపోయింది.

అల్లుడు ఒగరుస్తూ కొట్టుకు తిరిగొచ్చాడు.

"రేపు వస్తాడుగా? అప్పుడైనా చెప్పుకుంటాను."

"ఇక్కడ పని ఈ రోజుతో అయిపోయింది సార్" అన్నాడు కొట్టు యజమాని. "ఊరూరా తిరిగి పని చేసుకునే మనిషి. మళ్ళీ ఎప్పుడొస్తాడో ఏమో."

"అంత గట్టిగా పిలిచినా తిరిగి చూడలేదండీ. నా మీద కోపం వచ్చినట్టుంది."

"కోపం కాదు సార్. అతనికి పుట్టుకతోనే చెవులు వినపడవు."

అల్లుడు నివ్వెరపోయాడు. అయినా మనిషి కదా, ఆ వెంటనే గుండెలో బరువు కొంచెం దిగింది.

"పోనీలెండి. నేనన్న మాటలేవీ అతని చెవిన పడలేదన్నమాట."

"మరి నేను పిలిచింది అతనికెలా తెలిసింది నాయనా?" అత్తగారు అడిగింది.

కొట్టు యజమాని అల్లుడి వైపు చూడలేక తల దించుకున్నాడు.

"పెదాలు చూసి తెలుసుకుంటాడమ్మా. ఎదురుగా ఉండి అన్నది ఒక్క మాట కూడా పోనివ్వడు."