పదో తరగతి సోషల్ గైడు

పదో తరగతి పిల్ల స్వరూప జ్వరంతో చనిపోయిన మూడోరోజు హాస్టల్ పిల్లలందరినీ ఇండ్లకు పంపేసిండ్రు. కల్వకుర్తి అవతల గుట్టల నడుమ ఉన్న ఆ బిల్డింగులో సోషల్ టీచర్ మెర్సీ ఒక్కతే మిగిలింది. రాత్రి ఎనిమిదైంది. కరెంటు లేదు.

పై అంతస్తులో ఎవరో గట్టిగా చదువుతున్నట్టు వినబడ్డది. మెర్సీ టార్చి పట్టుకుని మెట్లెక్కింది. దగ్గరికి పోయినకొద్దీ మాటలు తెలిసినయి. పదో తరగతి సోషల్ గైడులో నిజాం కాలపు వెట్టిచాకిరి పాఠం అది. "జాగీర్దారు" అనేకాడ గొంతు ఆగుతాంది. దగ్గు వస్తాంది. మళ్ల వాక్యం మొదటినుంచి చదువుతాంది.

స్వరూప ఎప్పుడూ అక్కడే తడబడేది.

గదిలో ఎవరూ లేరు. బెంచీ మీద గైడు తెరిచి ఉంది. మెర్సీ దాన్ని మూసేసింది. అయినా చదువు ఆగలేదు.

చనిపోయే ముందు రాత్రి ఒళ్లు కాలిపోతుంటే స్వరూప ఆమె దగ్గరికొచ్చి, "టీచర్, జర దవాఖానకు తీస్కపోర్రి" అని అడిగింది. మెర్సీకి పరీక్షల ఫికర్. "ముందు గైడు పూర్తి చెయ్యి. పొద్దుగాల పోదాం" అన్నది. తెల్లారేసరికి పిల్లకు మాట పడిపోయింది.

మెర్సీ ఖాళీ బెంచీ ముందు కూలబడి ఏడ్చింది. "ఇగ చాలు బిడ్డా. పండుకో."

చదువు ఆగింది. మెర్సీ కండ్లు తుడుసుకున్నది.

"ఇంక పన్నెండు పాఠాలున్నయి టీచర్" అన్నది గొంతు, ఆమె చెవి పక్కనే. "జర జరగుర్రి. ఈ హాస్టల్ల సచ్చినోళ్లమంత కూసోవాలె."