మొదటి రేక

“ముక్కు దగ్గర పెట్టుకోకు. వాసన చూసుకుంట కూసున్నోళ్లు ఎవలూ తాగలే,” అంది కొమురవ్వ.

రేణుక తలూపింది. పొద్దున్నుంచి ఆమెకు అందిన జాగ్రత్తలు అప్పటికే పది దాటాయి. ముప్పై నాలుగేళ్లు వచ్చాక కల్లు తాగడం నేర్చుకుంటున్న కోడలికి అత్తే గురువు. జనగామలో రేణుక పుట్టిల్లు ప్రార్థనల ఇల్లు. కల్లు లొట్టి ఆ గడప తొక్కలేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని వాళ్ల నాయన పిల్లల్ని ఆ దారినే పోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు మరిపెడ పక్కనే ఉన్న అత్తగారి ఊళ్లో, తాటివనం మధ్యన, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఎదురుగా శ్యాం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. తెచ్చిన చీర, రవిక బట్ట రేణుక ముందు పెట్టినప్పటి నుంచి తల ఎత్తలేదు. ఇద్దరికీ మధ్య ఊరి పెద్దమనిషి పోశాలు.

“చాయ్ తాగితే కాదా కాకా?” రేణుక ఆఖరిసారి అడిగింది.

“చాయ్ బస్టాండ్ల ఎవలతోనైనా తాగుతం బిడ్డా. కల్లు గట్ల కాదు. రెండు దిక్కులోళ్లు ఒక్క లొట్టిల కల్లు తాగిన్రంటే ముచ్చట ఖాయమైనట్టే. ఇగ మాట మార్చుడు ఉండది. గందుకే మల్లొకసారి అడుగుతున్న. బలవంతం ఏం లేదు గద?”

బలవంతమంటే చెయ్యి పట్టి లాగడమే అనుకుంటారు మగవాళ్లు. రెండేళ్లుగా మగదిక్కు లేని ఇల్లు. మడికి నీళ్లు పారాలంటే ఒకరిని బతిమాలాలి, నాగలి కట్టాలంటే ఇంకొకరిని. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంది. మహబూబాబాద్‌కు తిరిగి తిరిగి రెండు జతల చెప్పులు అరిగాయి. పోయిన మనిషి ఎలా పోయాడో అడిగిన ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు, వెళ్లిపోయారు.

“లేదు,” అంది.

“పిల్ల సదువు నేనే జూస్కుంట,” శ్యాం నేల చూపులతోనే అన్నాడు. “మడికి మా బోరు నీళ్లు పారిస్త. ఏ లోటూ రానియ్య.”

మాట మెత్తగానే ఉంది. మనిషి చెడ్డవాడు కాదని ఊరంతా ఆమెకు నచ్చజెప్పింది. కాదనడానికి ఆమెకూ ఏమీ కనిపించలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది.

కల్లు గీసే ఐలేశ్ చెట్టు దిగి వచ్చాడు. తాటాకును దొన్నెలా మడిచి, రేక కట్టి ఆమె చేతికిచ్చాడు.

“రెండు చేతుల్తోని పట్టు అక్కా. మోచేతులు మీదికి లేపు. వంచినవనుకో, కల్లంత రవికెలకే పోతది. మొదటిసారి అందరు కల్లుతోని తానమే చేస్తరు.”

“గుడాలు తిన్నవా? ఉత్త కడుపుల పోసుకోవద్దు,” కొమురవ్వ మళ్లీ అందుకుంది. “చిన్న చిన్న గుటకలు మింగు. నడుమల ఊపిరి పీలిస్తే సరం పడి దగ్గొస్తది. ఈగ గిట్ల వస్తే పండ్లతోని ఆపు. చాలనుకుంటే చెయ్యి అడ్డం పెట్టు, నోట్ల కల్లుంటె మాట రాదు. అయిపోంగనే దిగ్గున లేవకు. ఎండల నడవకు.”

“గిన్ని ఎట్ల తెలుసు అత్తా నీకు?”

“నా మొగనికి నేర్పిన. నా కొడుక్కు నేర్పిన.” కొమురవ్వ నవ్వబోయి మానేసింది. “పోయినోడు ఏమనుకోడు బిడ్డా. ఉన్నోళ్లం బతకాలె గద.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కోడలి వైపు చూడలేదు.

గీతగాళ్ల దేవుడు కాటమయ్యకని రెండు చుక్కలు నేల మీద వదిలి, ఐలేశ్ లొట్టి వంచాడు.

ముందు పులుపు. దాని వెనకే సన్నటి తీపి. నాలుక చిమచిమలాడింది. రేణుక కళ్లు మూసుకుని మింగింది. సగం తాగాక ఆమె కుడిచెయ్యి ఆకు అంచును వదిలేసింది. కల్లు మోచేతి దాకా కారింది. ఐలేశ్ ధార సన్నం చేశాడు. పోశాలు ముందుకు వంగాడు. శ్యాం మొదటిసారి తల ఎత్తాడు.

చెయ్యి అడ్డం పెడితే చాలు. చీర వెనక్కి పోతుంది. అందరూ లేచి దులుపుకుని వెళ్లిపోతారు. రేపటి నుంచి మళ్లీ అదే తిరుగుడు, అదే చెప్పుడు. కాదనడానికి కూడా ఓపిక కావాలి. ఆ ఓపిక ఆమె దగ్గర ఎప్పుడో అయిపోయింది.

చెయ్యి తిరిగి ఆకును పట్టుకుంది. చివరి చుక్క దాకా తాగింది.

“శెబ్బాస్ బిడ్డా!” పోశాలు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకే ఎక్కువ చెమట పట్టింది.

తర్వాతి రేక శ్యాంది. అలవాటైన గొంతు. గుటక చప్పుడు కూడా వినిపించలేదు.

రేణుక లేవబోయింది. “దిగ్గున లేవకన్న గద,” అంటూ కొమురవ్వ భుజం పట్టి కూర్చోబెట్టింది. తల కొంచెం తిరుగుతోంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. నిద్ర వచ్చింది.

“రేపు తొమ్మిదింటికి తయారుగుండు బిడ్డా. జీపు పంపుతం,” అన్నాడు పోశాలు. “అడిగినప్పుడు గట్టిగ చెప్పాలె. తలకాయ ఊపితే నడవది. ఒక్క మాటనే. గంతే.”

రేణుక సరేనంది.

రేపు కోర్టు బోనులో నిలబడి, రెండేళ్ల కింద తన కళ్ల ముందే తన భర్తను తొక్కి చంపిన ట్రాక్టరు నడిపింది ఈ శ్యాం కాదని ఆమె చెప్పాలి.