మొదటి చిప్ప

తలుపు బార్లా తెరిచి ఉంది, పొయ్యి మీద టీ మాడి పొగలు కక్కుతోంది, గోవిన్‌సామి మాత్రం లేడు.

ఖాలిక్ ఒక్క పరుగున జగ్‌నందన్ మాస్టర్ ఇంటికి వచ్చిపడ్డాడు.

"మాస్టర్‌జీ! గోవిన్‌సామి భాయ్‌ని ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకుపోయారు! చెప్పులు కూడా వేసుకోనివ్వలేదట. మధ్యాహ్నం విమానం ఎక్కించేస్తారట!"

మాస్టర్ పేపరు మడిచాడు. "ఎవరు చెప్పారు?"

"పక్కింటి తెల్లాయన. వీసా అయిపోయిందని ఎవరో ఫోన్ కొట్టారట. ఆ సంగతి మన సంఘం చాప మీద కూర్చునేవాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?"

ఫిజీలో సైన్యం గద్దెనెక్కి ఏడాది దాటింది. ఆ సైన్యం మీద పోరాడటానికి ఇక్కడ సిడ్నీలో, లివర్‌పూల్ పేటలో, సంఘం పెట్టింది మాస్టరే. ప్రతి శనివారం ఆయన గ్యారేజీలో చాప పరిచి, చెక్క గిన్నెలో నంగోనా, ఫిజీవాళ్ళు తాగే మత్తు వేరు రసం, కలిపేవారు. మొదటి కొబ్బరిచిప్ప ఆయనకే. ఎంతటివాడికైనా ఆ తర్వాతే.

గోవిన్‌సామి వచ్చేదాకా.

అతను వేదికెక్కడు, మైకు పట్టడు. ఇల్లిల్లూ తిరిగి, వంటింట్లో పీట లాక్కుని కూర్చుని, రోటీ తిని, "ఆదివారం ఊరేగింపుకి వస్తారు కదూ, వదినా?" అంటాడు. మాస్టర్ పిలిస్తే ముప్పై మంది వచ్చే ఊరేగింపుకి, అతను పిలిస్తే మూడు బస్సులు నిండాయి.

ఆ వారం ఖాలిక్ మొదటి చిప్ప అతనికి అందించాడు.

"ముందు మాస్టర్‌జీకి," అని గోవిన్‌సామి ఇవతలికి జరిపాడు.

మాస్టర్‌కి అదే ఎక్కువ మండింది. దానం చేసినట్టు!

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య రామ్‌కలి కొబ్బరిపాల చేపకూరలోంచి తలకాయ తీసి పక్కన పెట్టింది.

"ఎవరికది?"

"గోవిన్‌సామి భాయ్‌కి. ఆయనకి ఇష్టం."

"పెళ్ళయిన నాటి నుంచీ ఆ తల నేనే తింటున్నాను."

"మీకు ఒకటుందిగా, చాలు," అని నవ్వింది రామ్‌కలి.

మాస్టర్ నవ్వలేదు.

ఖాలిక్ కబురు తెచ్చిన రోజు సాయంత్రానికి గ్యారేజీ నిండిపోయింది. సంఘం పంపిన లాయరు విమానాశ్రయం చేరేసరికే విమానం లేచిపోయింది. ఫిజీలో నాడీ విమానాశ్రయంలో దిగగానే సైన్యం కాచుకుని ఉంటుందని అందరికీ తెలుసు.

"ఎవడు చేశాడీ పని? వాడి నోరు పడిపోను!" ఖాలిక్ గిన్నె ముట్టుకోలేదు.

మాస్టర్ గొంతు సవరించుకున్నాడు.

"అసలు అతనెవరు? ఈ చాప మీద కూర్చున్న ప్రతివాడూ సైన్యం గద్దెనెక్కిన రోజుల్లో ఎక్కడున్నాడో చెప్పుకున్నాడు. మన ఆచారం అది. అతను చెప్పాడా?"

"ఇంట్లో పడుకున్నానన్నాడు," అన్నాడు ఖాలిక్.

"దేశం తగలబడుతుంటే పడుకున్నాడా? నా క్యాసెట్ల సంగతి నేనెన్నిసార్లు చెప్పాను?"

"మాకు కంఠతా వచ్చేదాకా," అంది రామ్‌కలి.

నిజమే. ఫిజీలో బా అనే పట్నంలో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఆయన రామాయణం క్యాసెట్ల రెండో వైపు సైన్యాన్ని దులిపేస్తూ ఉపన్యాసాలు నింపేవాడు. చెరకు లారీలవాళ్ళు వాటిని ఊరూరా చేరవేసేవారు. ఏ క్యాసెట్ ఎవరు మోస్తున్నారో ఆయనకి తెలియదు. తెలియకపోవడమే పద్ధతి.

"నా మనుషుల్లో ఒక్కడూ దొరకలేదు," అన్నాడు మాస్టర్. "అలాంటి పని చేసినవాడు దాచుకోడు. దాచుకునేవాడు సైన్యం వేగు. వాళ్ళే పిలిపించుకున్నారు."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. చాలా రోజుల తర్వాత మాస్టర్‌కి ఊపిరి హాయిగా ఆడింది.

అంతలో గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. ఫిజీలోని లటోకా నుంచి ఆ వారమే కూతురి దగ్గరికి వచ్చిన ధన్‌పతి ఆజీ.

"గోవిన్‌సామి ఇక్కడికే వస్తాడట కదా, బాబూ? ఒక్కసారి కళ్ళారా చూసిపోదామని వచ్చాను."

"అతను మీకెలా తెలుసు, ఆజీ?" ఖాలిక్ లేచి నిలబడ్డాడు.

"బారక్స్‌లో నా కొడుకూ అతనూ ఒకే ఖైదు గదిలో ఉన్నారు. అతని లారీలో రామాయణం క్యాసెట్లు దొరికాయి. 'ఈ గొంతు ఎవడిది?' అని ఒకటే కొట్టడం. హెడ్మాస్టరు గొంతు బాలో ఎవరికి తెలియదు, నాయనా? అతనికీ తెలుసు. అరికాళ్ళ తోలు ఊడినా చెప్పలేదు."

ఖాలిక్ ముసలామె దగ్గరికి వచ్చాడు.

"మరి మా అందరి దగ్గరా ఎందుకు దాచాడు?"

"నా కొడుకు ఫోన్లో అదే అడిగాడు. 'మాస్టర్‌జీ తన మనుషులెవరూ దొరకలేదనే ధైర్యంతో ఉన్నారు, ఆయన్ని బాధపెట్టడం దేనికి?' అన్నాడట. ఇంతకీ ఏడీ అతను?"

రామ్‌కలి భర్త వైపు చూసింది.

"ఏమండీ, ఎక్కడికి లేస్తున్నారు?"

మాస్టర్ చాప మీంచి లేచి, ముసలామె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆజీ, అంత కొట్టినా అతను నా పేరు చెప్పలేదు... ఎవరూ అడగకుండానే నేను ఫోన్ చేసి అతని పేరు చెప్పాను."