లేని బొత్తాం

అత్తగారి మాటయంత్రం కాలిపోయింది. గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచి ఆవిడ తరఫున మాట్లాడేది అదే. కొత్తది కొనే స్తోమత లేక నీరజాక్షి ఆన్‌లైన్ వేలంలో పాతవి వెతికింది. తెరమీద నవ్వే అమ్మకందారుల్లో సగంమంది మనుషులే కారని అందరికీ తెలుసు. డబ్బు అందగానే ముఖం, దుకాణం రెండూ మాయమవుతాయి.

"వెనకున్న ఆకుపచ్చ బొత్తాం పనిచేస్తుందా?" అని మొదటివాణ్ణి అడిగింది. ఆ యంత్రానికి అసలు బొత్తాలే ఉండవు.

"బ్రహ్మాండంగా పనిచేస్తుంది మేడమ్!"

నీరజాక్షి కాల్ కట్ చేసింది. తర్వాతి ఇద్దరూ ఆ బొత్తాన్ని తెగ మెచ్చుకున్నారు. ఇక మిగిలింది ఒక్క దుకాణమే. అత్తగారు కంగారుగా ఆమె మోచెయ్యి గిల్లారు.

చివరి తెరమీద ఒక పెద్దావిడ బెండకాయలు తరుగుతోంది.

"బొత్తామా? నీ మొహం! దానికి బొత్తాం ఎక్కడుందే తల్లీ? తెలియకపోతే కొనకు!"

నీరజాక్షి వెంటనే వేలం పాట పెంచి ఆ యంత్రాన్ని దక్కించుకుంది.

పార్సిల్ రాగానే యంత్రాన్ని అత్తగారి మెడకు తగిలించింది.

"కాఫీలో చక్కెర ఎక్కువేస్తున్నావే. ఎన్నాళ్లనుంచో చెబుదామనుకుంటున్నా."

నీరజాక్షి హాయిగా ఊపిరి పీల్చుకుంది. యంత్రం బాగానే పనిచేస్తోంది.