కుదరని సంతకం

నెవాడాలో అమెరికా కాంగ్రెస్ ఎన్నికల ఫలితాలు మిగతా నియోజకవర్గాలన్నిట్లో తేలిపోయాయి. మాది మాత్రం పద్నాలుగు ఓట్ల తేడా దగ్గర వేలాడుతోంది. కవరు మీది సంతకం రికార్డులో ఉన్నదానితో కుదరక పక్కన పెట్టిన పోస్టల్ ఓట్ల జాబితా పట్టుకుని, మా పార్టీవాళ్ల తలుపులు కొడుతున్నాను.

జాబితాలో తర్వాతి పేరు వెర్లీన్. ఆమె తలుపు జానెడే తీసింది.

"ఈ ఫారం మీద సంతకం పెడితే మీ ఓటు చెల్లుతుందమ్మా. సాయంత్రంతో గడువు అయిపోతుంది."

"మెల్లగా మాట్లాడు బాబూ."

నాకు ఒళ్లు మండింది. "ఓటు మీ హక్కు. ఎవడికండీ భయపడేది?" అన్నాను, వీధంతా వినపడేలా.

ఆమె ముఖం పాలిపోయింది. "మా ఆయన నా పక్కనే కూర్చుని మీ పార్టీవాడికే వేయించాడు. సంతకం నేనే కావాలని చెడగొట్టా" అంది గుసగుసగా.

లోపలినుంచి బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"సంతకమంటున్నావ్, ఎవరిది?" అన్నాడు భర్త. "ఏదీ, ఆ పేరు చదువు."

ఆమె ఊపిరి బిగబట్టింది. నేను జాబితాలో ఆమె పేరు కింద ఉన్న మరొకరి పేరు చదివాను.

ఆయన నవ్వి నా భుజం తట్టాడు.

"వాళ్లది ఆ చివరిల్లు తమ్ముడూ. వదలకు. ఎలాగైనా మనవాణ్ణి గెలిపించాలి."